క్యాబిన్ ప్రెషర్ పోతే మొదటి నిమిషంలో ఏం చేయాలి? కింగ్ ఎయిర్ బీ200 డెమో

నమస్తే అండి. ఈ రోజు సిమ్యులేటర్‌లో కింగ్ ఎయిర్ బీ200, రెండు ప్రొపెల్లర్ ఇంజన్ల చిన్న విమానం. చూడండి, 28,000 అడుగుల్లో ఉన్నాం. క్యాబిన్ ఆల్టిట్యూడ్, అంటే లోపలి గాలి ఒత్తిడి ఏ ఎత్తులోని గాలితో సమానమో అది మాత్రం, ఇదిగో ఈ ముల్లు, ఏడు వేల చిల్లర. ఇప్పుడు ప్రెషర్ తీసేస్తున్నాను. చూశారా ముల్లు ఎలా పైకి పోతోందో? 10,000... 11,000... పన్నెండున్నర వేలు దాటింది, ఎర్ర లైటు వచ్చింది. ఆల్ట్ వార్న్, క్యాబిన్ ఆల్టిట్యూడ్ హెచ్చరిక.

ఇక్కడ వీడియో ఆపుతున్నాను. ఈ లైటు చూడగానే ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన, ఎందుకు వచ్చింది? ఇంజన్ నుంచి క్యాబిన్‌కి గాలి పంపే బ్లీడ్ ఎయిర్ వాల్వా, డోర్ సీలా? వెతకకండి. దయచేసి వెతకకండి. మాస్క్. ముందు మాస్క్. 25,000 అడుగుల్లో మెదడు సరిగ్గా పని చేసేది మూడు నుంచి ఐదు నిమిషాలు. 35,000కి వెళితే అర నిమిషం నుంచి నిమిషం. ప్రెషర్ ఒక్కసారిగా పోతే అందులో దాదాపు సగమే. పైగా ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు ఊపిరి ఆడనట్టు ఉండకపోవచ్చు. చాలామందికి హాయిగా, అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. భయం అదే.

సరే, మాస్క్. టోపీ ఉంటే తీసేయండి, మాస్క్ లాగండి, ముఖానికి పెట్టండి, 100 శాతం ఆక్సిజన్. అయిపోయింది. ఒంటి చేత్తో ఐదు సెకన్లలో రావాలి, ఇంట్లో కళ్లు మూసుకుని ప్రాక్టీస్ చేయండి.

ఇప్పుడు అసలు విషయం. మైక్ స్విచ్. ఇదిగో, జూమ్ చేస్తున్నాను. నార్మల్, ఆక్సిజన్ మాస్క్. రెండే పొజిషన్లు. ట్రైనింగ్‌లో నేను మాస్క్ చక్కగా పెట్టుకున్నాను, విమానం ముక్కు కిందికి దించాను, రేడియోలో మేడే, అంటే ప్రమాదంలో ఉన్నామనే పిలుపు, చెప్పాను. జవాబు లేదు. మళ్లీ చెప్పాను. లేదు. రేడియో పోయిందనుకుని ఫ్రీక్వెన్సీలు మారుస్తూ కూర్చున్నాను. కిందికి దిగుతున్న విమానాన్ని వదిలేసి ఆ నాబ్ తిప్పుతూ ఉన్నాను. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనలేదు, వేలితో ఈ స్విచ్ చూపించారు. నార్మల్ మీదే ఉంది. నేనేమో మాస్క్‌లో మాట్లాడుతున్నాను, రేడియో ఏమో హెడ్‌సెట్ మైక్ వింటోంది. అందుకే చెప్తున్నా, మాస్క్ పెట్టిన చెయ్యి నేరుగా ఈ స్విచ్ మీదికి రావాలి. మాస్క్, మైక్. మాస్క్, మైక్. రెండూ ఒకే పని అనుకోండి. స్పీకర్ కూడా ఆన్ చేయండి, మీ ఊపిరి శబ్దంలో ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ మాట సరిగా వినబడదు.

ఇక దిగడం. పవర్ లివర్లు ఐడిల్, ప్రొపెల్లర్లు పూర్తిగా ముందుకి, రెక్కల ఫ్లాప్స్ అప్రోచ్ పొజిషన్‌కి, గేర్ అంటే చక్రాలు కిందికి, స్పీడు 181 నాట్లు దాటనివ్వకండి. మీది వేరే మోడల్ అయితే మీ మాన్యువల్‌లో ఉన్న అంకెలే వాడండి. ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700, మేడే. టార్గెట్ 10,000 అడుగులు. మన తూర్పు కనుమల మీద ఆ ఎత్తుతో ఇబ్బంది లేదు. లేహ్ వైపు అయితే విమానాశ్రయమే 10,600 అడుగుల పైన ఉంది, అక్కడ కొండల్ని బట్టి సేఫ్ ఆల్టిట్యూడ్ ముందే రాసి పెట్టుకోవాలి.

2000 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి లియొనోరా బయల్దేరిన కింగ్ ఎయిర్ బహుశా ఇలాగే, లోపల ఆక్సిజన్ అందక పోయింది. ఎనిమిది మంది చనిపోయారు. అనుమతించిన ఎత్తు దాటి ఎక్కుతుంటే ఏటీసీ అడిగింది, పైలట్ "స్టాండ్‌బై" అన్నారు. తర్వాత అర్థమయ్యే మాట రాలేదు. విమానం ఐదు గంటలు తనంతట తానే ఎగిరి క్వీన్స్‌లాండ్‌లో బర్క్‌టౌన్ దగ్గర పడింది. దర్యాప్తు తర్వాత అక్కడి అధికారులు లైటుతో పాటు శబ్దంతో కూడా హెచ్చరిక ఉండాలని కోరారు. ఎండ పడితే లైటు కనబడకపోవచ్చు కదా. అందుకే ఎక్కేటప్పుడు ప్రతి 5,000 అడుగులకి క్యాబిన్ ముల్లు వైపు చూడటం నాకు అలవాటు. బయల్దేరే ముందు ఆక్సిజన్ హ్యాండిల్ లాగి ఉందా, బాటిల్ ఎంత ఉంది, మాస్క్‌లో ఒకసారి ఊపిరి, మాస్క్ మైక్‌లో ఒక మాట. అంతే.

ఇంకొకటి, కోవిడ్ టైమ్‌లో అందరి ఇళ్లలోకీ వచ్చిన ఆక్సీమీటర్ గుర్తుందా? నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. మాస్క్ పెట్టే ముందు దాని కోసం తడుముకోకండి, అది తర్వాత. ఇదిగో, 10,000కి వచ్చాం. లెవెల్. వెనక ప్రయాణికుల్ని చూసుకున్నాక అప్పుడు వేలికి పెట్టండి. ఈ ఎత్తులో 90 దగ్గర కనబడితే కంగారు పడకండి, నేల మీద 98 చూసిన కళ్లకి తక్కువ అనిపిస్తుంది అంతే. క్యాబిన్ ముల్లు కూడా 10,000 దగ్గరే ఉందని చూసి మాస్క్ తీయండి.

తీశాక మైక్ స్విచ్? మళ్లీ నార్మల్‌కి. ఇది మర్చిపోతే ల్యాండింగ్‌కి అడిగేటప్పుడు మళ్లీ మీ మాట ఎవరికీ వినబడదు.