డీజిల్ పోశావా, అన్నా?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక రొయ్యల రైతు ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు వరసగా చదవమని చీటీ రాసిచ్చారు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను. అందుకని అందరికీ కలిపి ఒకటే దణ్ణం. ఎవరూ ఏమనుకోవద్దు.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు చేస్తారు. ఏటా ఎవరో ఒక మేష్టారొచ్చి పుస్తకాల గొప్పతనం చెబుతారు. ఈసారి నన్నెందుకు పిలిచారో లైబ్రేరియన్ గారికే తెలియాలి. నేను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన పుస్తకం ఒకటే. అదీ నేను రాసిందే. రొయ్యల గుంట రిజిస్టరు, 1994 నాటిది. ఇదిగో, సంచిలో తెచ్చాను.

పిల్లలకు తెలియదు. మన నెల్లూరు జిల్లా విడవలూరు వైపు అప్పట్లో వరి మడులు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాం. మా నాయన వద్దన్నాడు. "అన్నం పెట్టే నేలకు ఉప్పు పెడతావా" అన్నాడు. వింటేగా? టైగరు రొయ్య అంటే బంగారం ఆ రోజుల్లో. ఒక్క పంట చేతికొస్తే ఊళ్ళో మోటారు సైకిల్ దిగేది.

తొంభై రోజుల పంట మీద ఉన్నాం. 45 కౌంటు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. ఇంకా పెంచి 30కి తెస్తే రేటే వేరు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి గుంటలో చెక్ ట్రే అని ఒక పళ్ళెం పెడతాం. మా తమ్ముడు సాయంత్రం గట్టు మీదికొచ్చి, "అన్నా, చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది. పక్క గుంటలో తెల్లమచ్చ జబ్బంటున్నారు. రేపే పట్టేద్దాం" అన్నాడు. నేను నవ్వాను. పిరికోడివన్నాను. కూలీల ముందర అన్నాను.

ఈ పేజీ చూడండి. వెనకున్నవాళ్ళకు కనబడదులే, నేనే చదువుతాను. "మేత మిగిలింది." మర్నాడు, "మేత మిగిలింది." ఆ మర్నాడూ అదే. నా చేత్తో నేనే రాసుకున్నాను. రాయడమే గానీ చదవలేదు.

ఆరో రోజు పొద్దున గట్టు నిండా కాకులు. రొయ్యలన్నీ అంచులకొచ్చి పడున్నాయి. తల పెంకు ఒలిచి చూస్తే తెల్లటి మచ్చలు. ఆ వైరస్‌కు అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. వస్తే అంతే. నాలుగు రోజుల్లో గుంట ఖాళీ.

అక్కడితో రిజిస్టరు ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఆ తర్వాత పేజీలన్నీ ఒకటే లెక్క. ఆ రోజు 45 కౌంటుకు పట్టేసుంటే ఎంత వచ్చేది, దాని మీద వడ్డీ ఎంత. ప్రతి కార్తీకంలో వడ్డీ కలిపి మళ్ళీ వేసేవాణ్ణి. పదిహేడేళ్ళు వేశాను! ముందు సీడు, అంటే రొయ్య పిల్లలు, ఇచ్చిన హేచరీని తిట్టాను. తర్వాత మేత డీలరుని. కొన్నాళ్ళు కాకుల్ని కూడా. ఎవరూ మిగలక చివరికి తమ్ముడి మీద పడ్డాను. "అంత తెలిసినోడివి, గట్టిగా చెప్పొచ్చుగా" అని. ఆ మాటతో ఆరేళ్ళు మాకు మాటల్లేవు. ఒకే పంక్తిలో భోజనాలు చేసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచిపోయాం.

మా ఇంటామె సంగతి చెప్పాలి. చుట్టాలొస్తే నేను కథ మొదలుపెట్టగానే లోపలికెళ్ళి బియ్యం కడిగేది. కాకుల దగ్గరికొచ్చేసరికి గంజి వార్చేది. తప్పు పోయేది కాదు.

నవ్వండి, నవ్వండి. మీ ఇళ్ళల్లో లేదా ఇలాంటి లెక్క? ఆ సంబంధం చేసుకునుంటే, ఆ పొలం అమ్మకుండా ఉంటే, ఇంటర్లో ఆ గ్రూపు తీసుకోకుండా ఉంటే... చేతులెత్తమని అడగనులే. పక్కనే ఇంట్లోవాళ్ళున్నారు.

ఎక్కడున్నాను? ఆఁ, వెనామీ. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్యకు ప్రభుత్వం అనుమతిచ్చింది. 2012లో మా తమ్ముడి కొడుకు గుంట వేశాడు. "పెదనాయనా, నీకు అనుభవం ఉంది, రాత్రి కాపలా చూడు" అన్నాడు. నా అనుభవమేమిటి? గట్టు మీద కూర్చుని వాచ్‌మన్‌కు 1994 చెప్పడమే. ఒక రాత్రి మంచి పట్టు మీదున్నాను, కరెంటు పోయింది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. జనరేటరు తిప్పితే తిరగదు. డీజిల్ లేదు. పోయాల్సింది నేను.

తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. వెనామీనేమో గుంటలో ఒత్తుగా వేస్తాం. రొయ్యలన్నీ పైకి తేలి గుటకలేస్తున్నాయి. తమ్ముడు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పక్క రైతు జనరేటరు ట్రాక్టరు మీద తెచ్చారు. సగం దక్కింది. నాకు దుఃఖం ఆగలేదు. మోకాల్లోతు బురదలో వాడి చెయ్యి పట్టుకుని, "అప్పుడు నువ్వన్నదే రైటురా, నా మూర్ఖత్వం వల్లే అంతా..." అని మొదలుపెట్టాను. పాపం, విన్నాడు. విని, "సరేగానీ, దీన్లో డీజిల్ పోశావా, అన్నా?" అన్నాడు.

పోయలేదు.

మనసు మారిందని చెప్పను. అబద్ధమవుతుంది. కాకులు కనబడితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. మారినవి చిన్న చిన్నవి. అన్నానికి కూర్చునే ముందు టాంకు మూత తీసి చూస్తాను. తెల్లవారి మూడింటికి లేచి నీళ్ళలో ఆక్సిజన్ మీటరు పెడతాను. నాలుగు పాయింట్లకు దిగితే ఇంకో రెండు ఏరియేటర్లు వేస్తాను. కొత్త రిజిస్టర్లో ఒక గడి ఎక్కువ గీశాను, "తమ్ముడు చెప్పింది" అని. వాడేమన్నా ముందు అందులో రాస్తాను. నోరు తెరిచేది ఆ తర్వాతే.

పోయినేడాది ఆ గడిలో "పట్టేద్దాం" అని పడింది. నాకిష్టం లేదు. అయినా 60 కౌంటుకే పట్టేశాం. పక్క గుంటవాళ్ళు ఆగారు, ఏ జబ్బూ రాలేదు. 40 కౌంటుకు అమ్ముకున్నారు, మా కళ్ళముందే! ఆ రాత్రి పెన్ను తీశాను, ఎంత పోయిందో చూద్దామని. మూత కూడా తీశాను. ఇంటామె వంటింట్లోంచి చూస్తోంది. ఆ రోజు డీజిల్ ఎన్ని లీటర్లో రాసి, రిజిస్టరు మూసేశాను.

గంట కొడుతున్నారు. పుస్తకాల గురించి ఏమీ చెప్పలేదని నాకూ తెలుసు. వచ్చే ఏడు మేష్టారినే పిలుచుకోండి. బల్బు మిణుకుమిణుకుమంటోంది, చూశారా? కరెంటు పోయేలా ఉంది. నేను గుంట దగ్గరికెళ్ళాలి.