కాళ్ళు పీకుడు, కళ్ళు కొట్టుకోవడం: న్యూరాలజిస్ట్‌తో కబుర్లు

హోస్ట్: నమస్తే అండీ, ఈరోజు మనతో న్యూరాలజిస్ట్ మేడం ఉన్నారు. మేడం, డైరెక్ట్‌గా అడిగేస్తా. మా పెద్దమ్మ రాత్రి పడుకోగానే "కాళ్ళు పీకేస్తున్నాయే, కాస్త తొక్కవే" అంటుంది, వయసు కదా అని మేమూ వదిలేశాం.

డాక్టర్: లేచి నడిస్తే తగ్గుతుందా?

హోస్ట్: ఆఁ, హాల్లో అటూ ఇటూ తిరుగుతుంది, మళ్ళీ పడుకుంటే షరా మామూలే.

డాక్టర్: అదే అసలు క్లూ. మోకాళ్ళ అరుగుదలైతే నడిచేకొద్దీ నొప్పెక్కువవుతుంది, ఇదేమో నడిస్తే హాయి, కూర్చుంటే పడుకుంటే నరకం, అదీ సాయంత్రం నుంచి ముదురుతుంది, పొద్దున్నకి ఏమీ ఎరగనట్టుంటుంది. దీన్నే రెస్ట్‌లెస్ లెగ్స్ అంటాం. స్కానింగుల్లో దొరకదండీ, పేషెంట్ చెప్పేదాన్ని బట్టే పట్టుకోవాలి.

హోస్ట్: మరి కూర్చుని కాళ్ళూపే వాళ్ళు? మా ఇంట్లో దరిద్రం అని తిట్టేవాళ్ళు.

డాక్టర్: (నవ్వు) అది ఊరికే అలవాటు, ఆపమంటే ఆపేస్తారు, ఇబ్బందేం ఉండదు. వీళ్ళకి అలా కాదు, లోపల ఏదో పాకుతున్నట్టు, గుంజుతున్నట్టు ఉండి కదపకపోతే ప్రాణం పోయినట్టుంటుంది.

హోస్ట్: టెస్టులేమైనా?

డాక్టర్: ముందు ఐరన్ చూడాలి, ఫెరిటిన్ తప్పకుండా, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే టెస్ట్. హిమోగ్లోబిన్ 12 ఉంది, రక్తం బానే ఉంది అని రిపోర్ట్ పట్టుకొస్తారు, తీరా ఫెరిటిన్ చూస్తే 20 ఉంటుంది, ల్యాబ్ వాళ్ళు దాన్నీ నార్మల్ అనే ప్రింట్ చేస్తారు. ఈ జబ్బులో మాత్రం పెద్దవాళ్ళకి 75, అంతకంటే తక్కువుంటే ఐరన్ ఇస్తాం, ఎందుకంటే మెదడులో డోపమిన్ అని, కదలికల్ని అదుపులో ఉంచే రసాయనం, అది తయారవ్వడానికి ఐరన్ కావాలి. ఆ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకోండి. మాత్రలు పడకపోతే సెలైన్‌లో ఎక్కిస్తాం. టెస్ట్ లేకుండా సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి. నెలలు నిండుతున్న గర్భిణులకి, డయాలసిస్ వాళ్ళకి కూడా ఇది ఎక్కువే.

హోస్ట్: వేరే మందులు?

డాక్టర్: ఒకప్పుడు అందరికీ డోపమిన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మందులు రాసేవాళ్ళం. మొదట్లో భలే పనిచేస్తాయి, కానీ ఏళ్ళు గడిచేసరికి రాత్రి పదికి వచ్చే బాధ సాయంత్రం నాలుగింటికే వచ్చేస్తుంది, చేతులకీ పాకుతుంది, కొందరైతే పేకాటో షాపింగో పిచ్చిగా పట్టుకుంటారు, అందుకే 2025లో అమెరికా స్లీప్ మెడిసిన్ అకాడమీ వాటిని మామూలుగా వాడొద్దని చెప్పి గబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి ముందుకు తెచ్చింది. పాతవి వాడుతున్నవాళ్ళు ఇది విని టక్కున ఆపేయకండి, మీ డాక్టర్‌ని అడగండి. ఇంకోటి, మత్తొచ్చే జలుబు మాత్రలు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు దీన్ని ఎగదోస్తాయి. ఏం వాడుతున్నారో చీటీలన్నీ తెచ్చి చూపించండి.

హోస్ట్: పిల్లల్లో టిక్స్, అదే కళ్ళు కొట్టుకోవడం లాంటివి మాటిమాటికీ వస్తుంటాయే, అవి కూడా ఇలాంటివేనా?

డాక్టర్: జబ్బు వేరు, కదపాలనిపించే ఆ లోపలి తొందర మాత్రం చుట్టమే. ఆరేడేళ్ళ పిల్లాడు కళ్ళు టపటపా కొడుతుంటాడు, కళ్ళ డాక్టర్ చూసి బానే ఉన్నాయంటారు. రెండు నెలలకి అది పోయి గొంతు సవరించడం మొదలు, ఈసారి దగ్గు సిరప్‌లు. తర్వాత భుజం ఎగరేస్తాడు. ఇలా మారుతూ, పెరుగుతూ తగ్గుతూ ఉంటే టిక్స్ అనుమానించాలి. రాకముందు ఎలా ఉంటుంది నాన్నా అని అడిగితే కాస్త పెద్ద పిల్లలు తుమ్మొచ్చేముందు ఉన్నట్టు అంటారు. స్కూల్లో బిగబట్టుకుని ఇంటికొచ్చాక వదిలేస్తారు, అమ్మేమో నా దగ్గరే కావాలని చేస్తున్నాడు అనుకుంటుంది, పాపం వాడు.

హోస్ట్: టూరెట్ అంటే ఇదేనా, బూతులు తిట్టేస్తారంటారే?

డాక్టర్: కదలికలూ శబ్దాలూ రెండు రకాలూ ఉండి, 18 ఏళ్ళలోపు మొదలై, ఏడాది దాటితే టూరెట్ అంటాం. బూతులొచ్చేది అందులో కొద్దిమందికే, సినిమాల పుణ్యమా అని అదొక్కటే జనానికి తెలుసు. పది, పన్నెండేళ్ళప్పుడు బాగా ఎక్కువుంటాయి, టీనేజ్ అయ్యేసరికి చాలామందికి తగ్గిపోతాయి. ఇబ్బంది లేకపోతే మందే అక్కర్లేదు. ఉంటే ముందు బిహేవియర్ థెరపీ, అంటే ఆ తొందర రాగానే పట్టుకుని దానికి అడ్డుపడే ఇంకో కదలిక చేయడం. దానికీ లొంగకపోతే క్లోనిడిన్, అరిపిప్రజోల్ లాంటి మందులు. ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం), ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్ళీ మళ్ళీ) పక్కనే ఉంటాయి చాలాసార్లు, నిజానికి వాటితోనే చదువు ఎక్కువ దెబ్బతింటుంది, అవీ చూడాలి.

హోస్ట్: టీచర్‌కి ఏం చెప్పాలి?

డాక్టర్: క్లాసులో అందరి ముందూ "ఆపరా" అనొద్దనండి, అన్నకొద్దీ ఎక్కువవుతుంది. మధ్యలో ఐదు నిమిషాలు బయటికెళ్ళి రానిస్తే చాలు, పరీక్షలప్పుడు వేరే గదిలో కూర్చోబెట్టమనండి.