రంగు పోతే సరిపోదు

శ్రోతలకు నమస్కారం. బట్టలకు అద్దకం వేసే చోటు నుంచి బయటికొచ్చే నీళ్లు మీరు చూసే ఉంటారు. ఒకరోజు ఎరుపు, ఇంకోరోజు నీలం, అన్నీ కలిస్తే సిరా పారబోసినట్టు ఒక నల్లటి రంగు. ఈ నీళ్లను బ్యాక్టీరియాతో శుభ్రం చేయవచ్చని ఈమధ్య తరచూ వింటున్నాం. చేయవచ్చు, అబద్ధమేం కాదు. కాకపోతే ఆ మాట చెప్పేవాళ్లు చాలామంది సగం కథ చెప్పి ఆపేస్తారు, మిగతా సగం చెబుదామనే ఇలా మీ ముందుకొచ్చాను.

ముందు రంగు నీళ్లలోకి ఎందుకొస్తుందో చూద్దాం. నూలు బట్టకు ఎక్కువగా వేసేవి రియాక్టివ్ రంగులు. ఇవి దారానికి గట్టిగా అతుక్కుంటాయి గానీ, తొట్టిలో వేసిందంతా అతుక్కోదు, కొంత రంగు దారాన్ని వదిలేసి నీళ్లతోనే చర్య జరిపి పనికిరాకుండా పోతుంది. అలా పోయేది రకాన్ని బట్టి పదోవంతు నుంచి సగం దాకా ఉండొచ్చు. లీటరు నీళ్లలో ఒక్క మిల్లీగ్రాము రంగున్నా కంటికి తెలిసిపోతుంది. చూడ్డానికి బాగుండదన్నది ఒక్కటే కాదు, ఎండ నీళ్ల లోపలికి దిగదు, ఎండ లేకపోతే నాచు ఆక్సిజన్ తయారుచేయలేదు, ఆ తర్వాత చేపల పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఈ రంగులు అంత మొండివి ఎందుకయ్యాయి? మనం కోరుకున్నాం కాబట్టే! 1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోతే ఊదారంగు వచ్చింది, కృత్రిమ రంగుల వ్యాపారం అక్కడ మొదలైంది. అప్పటినుంచి రసాయన శాస్త్రవేత్తల తంటా అంతా ఒకటే, ఎండకు వెలవకూడదు, సబ్బుకు పోకూడదు, చెమటకు దిగకూడదు. మరి అలా తయారైన రంగు నీళ్లశుద్ధి తొట్టిలో మాత్రం చెప్పినట్టు వింటుందా? గాలి ఊదే మామూలు తొట్లలో సూక్ష్మజీవులు గంజినీ, సబ్బునూ సుబ్బరంగా తినేస్తాయి, రంగు మాత్రం కొంత బురదకు అంటుకుని, మిగతాది వచ్చినట్టే బయటికి పోతుంది.

ఈ రంగుల్లో ఎక్కువ భాగం అజో జాతివి. రెండు నైట్రోజన్ పరమాణువులు జంటబంధంతో పట్టుకుని ఉంటాయి, వాటికి అటొకటి ఇటొకటి కర్బన వలయాలు. ఆ బంధం తెగిందా, రంగు పోయినట్టే. దాన్ని తెంచే బ్యాక్టీరియా ఏదో అరుదైన జీవం కాదు. బాసిల్లస్, సూడోమోనాస్, షెవనెల్లా లాంటివి మట్టిలోనూ మురుగులోనూ ఉండేవే. అద్దకం నీళ్లు ఏళ్ల తరబడి పారిన కాలవ బురద తెచ్చి వెతికితే ఇంకా తేలిగ్గా దొరుకుతాయి, అక్కడివి ఆ రంగుకు అలవాటుపడిపోయి ఉంటాయి.

ల్యాబులో ఒక తమాషా జరుగుతుంది. ఒకే బ్యాక్టీరియా, ఒకే రంగు, రెండు ఫ్లాస్కులు. ఒకదాన్ని గాలి బాగా తగిలేలా షేకర్ మీద ఊపుతారు, రెండోదాన్ని కదపకుండా ఓ మూల పెడతారు. ఊపినదాంట్లో బ్యాక్టీరియా పుష్కలంగా పెరుగుతుంది, రంగు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కదపనిదాంట్లో పెరుగుదల తక్కువే, రంగు మాత్రం పోతుంది. నాకైతే మొదట విన్నప్పుడు తిరకాసుగా అనిపించింది. విషయం ఏమిటంటే, బ్యాక్టీరియా తిండి నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది, వాటిని ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ఆక్సిజన్ ఉంటే అదే ముందు లాగేసుకుంటుంది, లేనప్పుడే రంగు వంతు వస్తుంది. నాలుగు ఎలక్ట్రాన్లు అందితే అజో బంధం పూర్తిగా తెగిపోతుంది. అంటే చాలాసార్లు రంగు దానికి తిండి కాదు, ఎలక్ట్రాన్లు దించుకునే చోటు మాత్రమే. తిండి వేరే ఇవ్వాలి, అదృష్టం కొద్దీ బట్ట నుంచి వదిలిన గంజి ఆ నీళ్లలోనే ఉంటుంది.

సరే, నీళ్లు తేటబడ్డాయి. ఇక్కడే చాలామంది చప్పట్లు కొట్టేస్తారు.

బంధం తెగితే రంగు మాయమైపోదు, రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని ఏరోమాటిక్ ఎమీన్లు అంటారు, సాధారణంగా వీటికి రంగుండదు. ముక్క ఎంత పని చేయగలదో ఒక పాత ఉదాహరణ చెబుతాను. ప్రోంటోసిల్ అని 1930లలో ఒక ఎర్రటి అజో రంగు, బ్యాక్టీరియా రోగాలకు మందుగా వచ్చింది. గాజు గొట్టంలో అది బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు, ఎలుక ఒంట్లో మాత్రం పనిచేసింది. 1935లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తేల్చింది ఏమిటంటే, ఒంట్లో బంధం తెగి బయటపడిన రంగులేని ముక్కే అసలు మందు అని. అక్కడ ముక్క మందైంది. బెంజిడిన్ అనే ఇంకో ముక్క మూత్రాశయ క్యాన్సర్ తెస్తుంది. ఇలాంటి 22 ఎమీన్లను వదిలే అజో రంగుల మీద యూరోపియన్ యూనియన్ నిషేధం పెట్టింది, బట్టలో అలాంటి ఏ ఎమీనైనా కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

అందుకని రెండో తొట్టి కావాలి. మొదటిదాంట్లో గాలి లేకుండా బంధం తెంచి, రెండోదాంట్లో గాలి బాగా ఊది ఆ ఎమీన్లను వేరే బ్యాక్టీరియా చేత తినిపించాలి. అన్నీ లొంగవు, కొన్ని గాలి తగలగానే తమలో తాము కలిసిపోయి నీళ్లను మళ్లీ గోధుమరంగులోకి తిప్పుతాయి. ఇంకో మోసం కూడా ఉంది, అసలు ఏమీ విరగకుండానే రంగు బ్యాక్టీరియా ఒంటికి అంటుకుని నీళ్లు తేటగా కనిపించవచ్చు. ఆ నీళ్లు కాసిని గొట్టంలో పోసి, యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున చేరిన బ్యాక్టీరియా ముద్దను చూస్తే తెలిసిపోతుంది, అది ఎర్రగా ఉందంటే రంగు చోటు మారిందంతే.

ల్యాబు దాటి ఫ్యాక్టరీకి వెళ్తే ఇంకో గొడవ, ఉప్పు. రియాక్టివ్ రంగు దారానికి పట్టాలంటే తొట్టిలో లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు, అంతా ఈ నీళ్లలోకే వస్తుంది. మామూలు బ్యాక్టీరియా ఆ ఉప్పుకు డీలా పడుతుంది, హాలోమోనాస్ లాంటి ఉప్పును ఓర్చుకునే రకాలే ఆ నీళ్లలో నిలబడతాయి. రంగు తెగినా, ఎమీన్లు పోయినా ఆ ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, దాన్ని తినే బ్యాక్టీరియా లేదు. చివరికి ఆ నీళ్లను ఒత్తిడి పెట్టి పొరల గుండా వడకట్టాల్సిందే, అప్పుడు మిగిలే చిక్కటి ఉప్పునీళ్లను ఏం చేయాలన్నది మళ్లీ ఇంకో తలనొప్పి.