రెండు 56లు

సభకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ పలికిన మంచి మాటలకు కృతజ్ఞుణ్ణి. సమయం తక్కువ కనుక మిగతా మర్యాదలు వదిలి నేరుగా విషయానికి వస్తాను.

వేదిక మీద ఉన్న ఈ రెండు రేసు సైకిళ్లూ నావే. రెండింటి సీట్ ట్యూబ్ మీదా, అంటే సీటు కింది నిలువు గొట్టం మీద, ఫ్రేము సైజుగా 56 అనే అంకె ఉంది. ఆ అంకెను నమ్మి ఒక ఏడాది పాటు అరచేతుల తిమ్మిరి అనుభవించాను.

ఒకప్పుడు ఆ అంకెకు అర్థం ఉండేది. టాప్ ట్యూబ్, అంటే సీటు వైపు నుంచి హ్యాండిల్ వైపుకు వెళ్లే పై గొట్టం, నేలకు సమాంతరంగా ఉన్న రోజుల్లో సీట్ ట్యూబ్ పొడవు సెంటీమీటర్లలో చెబితే ఫ్రేము ఎంతదో అంచనాకు అందేది. అప్పుడు కూడా కొందరు రెండు గొట్టాలు కలిసే పై కీలు మధ్య వరకు, కొందరు ట్యూబ్ పై అంచు వరకు కొలిచేవారనుకోండి. 1990లలో మైక్ బర్రోస్ జెయింట్ సంస్థ కోసం రూపొందించిన టీసీఆర్ అనే రేసు సైకిల్ వంటి ఫ్రేములలో టాప్ ట్యూబ్ వెనక్కి వాలి, సీట్ ట్యూబ్ కురచబడిన తరువాత, ఆ అంకె చాలా చోట్ల చొక్కా సైజు వంటి పేరుగా మాత్రమే మిగిలింది.

మీలో తమ సైకిల్ సైజు తెలిసినవారు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. స్టాక్, రీచ్ తెలిసినవారు? ముగ్గురు. కాబట్టి కాస్త వివరంగానే చెప్పాలి. పెడళ్లు తిరిగే క్రాంకు ఇరుసు కేంద్రం నుంచి, హ్యాండిల్ కింద ఫ్రేము ముందు ఉండే పొట్టి గొట్టమైన హెడ్ ట్యూబ్ పై కొస మధ్యభాగం ఎంత ఎత్తున ఉందో అది స్టాక్, ఎంత ముందుకు ఉందో అది రీచ్. నా పాత సైకిల్ స్టాక్ 585 మిల్లీమీటర్లు, రీచ్ 380. కొత్తదాని స్టాక్ 555, రీచ్ 389.

కొత్తది అమ్మిన వ్యక్తి ఈ కొలతల పట్టిక చూసి, రీచ్ 9 మిల్లీమీటర్లు ఎక్కువ గనుక హ్యాండిల్‌ను ముందుకు పట్టి ఉంచే స్టెమ్ 110 మిల్లీమీటర్లది తీసి 100ది వేయించుకోమన్నాడు. హ్యాండిల్ కిందికి ఉందంటే స్టెమ్ కింద 30 మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే దాన్ని పైకి లేపే ఉంగరాలు, కూడా వేశాడు. రెండు సలహాలూ విడివిడిగా చూస్తే సబబుగానే ఉన్నాయి. కానీ హెడ్ ట్యూబ్ నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. 73 డిగ్రీల కోణంలో 30 మిల్లీమీటర్లు పైకి వెళితే హ్యాండిల్ దాదాపు 9 మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. అంటే స్పేసర్లు వేసిన క్షణానే తేడా తీరిపోయింది. స్టెమ్ మార్చి అదే తేడాను రెండోసారి తీర్చాం. స్టాక్ సమానం కానిదే రెండు రీచ్‌లను పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదన్న సంగతి ఆ రోజు మా ఇద్దరికీ తట్టలేదు.

అసలు దెబ్బ వెనక నుంచి తగిలింది. పాత ఫ్రేము సీటు కోణం, అంటే సీట్ ట్యూబ్ నేలతో చేసే కోణం, 73 డిగ్రీలు, కొత్తదానిది 74. క్రాంకు నుంచి 720 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న నా సీటు ఆ ఒక్క డిగ్రీకే 14 మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. అటు హ్యాండిల్ 10 మిల్లీమీటర్లు దగ్గరయింది, ఇటు సీటు 14 ముందుకొచ్చింది, ఒంటి బరువు చేతుల మీద పడింది. ఇందులో తమాషా ఏమిటంటే, అదే పట్టికలో టాప్ ట్యూబ్ సమాంతర కొలత, అంటే హెడ్ ట్యూబ్ పై కొస నుంచి సీటు కింది వరకు అడ్డంగా ఉన్న దూరం, కొత్తదానికి 11 మిల్లీమీటర్లు తక్కువ! ఒక వరుస పొడవు అంటుంది, ఇంకొకటి పొట్టి అంటుంది. సీటును పట్టాల మీద వెనక్కి జరిపి, పాత స్టెమ్ తిరిగి బిగించాక రెండు సైకిళ్లూ నా ఒంటికి ఒకటే అయ్యాయి.

చక్రాల మధ్య దూరం, ముందు చక్రం తిరిగే తీరును నిర్ణయించే ట్రెయిల్ అనే కొలత గురించి కూడా చెబుతానని నిర్వాహకులకు మాటిచ్చాను గానీ, అవి సైకిల్ నడతకు సంబంధించినవి, కూర్చునే తీరుకు కావు. వాటికి బదులు రీచ్ ఎలా కొలవాలో చూపిస్తాను. ఎవరైనా ఇద్దరు పైకి రండి. వెనక చక్రాన్ని గోడకు ఆనించి సైకిల్‌ను నిటారుగా పట్టుకోండి. గోడ నుంచి క్రాంకు కేంద్రానికి ఒక కొలత, హెడ్ ట్యూబ్ పై కొస నుంచి వేలాడదీసిన ఈ గుండు దారానికి ఇంకొకటి; రెండింటి తేడాయే రీచ్. కాస్త ఆగండి, దారం ఊగుతోంది.