దాని చోట ఇది

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఆదివారం మలక్‌పేటలో మా ఇంట పప్పుచారు మరుగుతుండగా చూస్తే చింతపండు నిండుకుంది. అత్తయ్య కంగారు పడలేదు. పచ్చిమామిడికాయ ఉడికించి గుజ్జు పిసికి పోశారు. పులుపు కుదిరింది, రంగు మాత్రం తేలిపోయింది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, మామిడిది ప్రధానంగా సిట్రిక్ ఆమ్లానిది. నాలుక ఆ తేడా ఇట్టే పట్టేస్తుంది.

ఒకదాని చోటికి మరొకటి రావడాన్ని వ్యాకరణంలో ఆదేశం అంటారు. ఆగమం మిత్రుడిలా పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని లేపి తాను కూర్చుంటుందనీ బడిలో మాస్టారు చెప్పేవారు. 'వాడు పోయె' అన్నది 'వాడువోయె' అయితే పకారం లేచిపోయింది, వకారం కూర్చుంది. పాణిని ఇంకా లోతుకు వెళ్లాడు. 'స్థానివదాదేశోఽనల్విధౌ' అన్నాడు. పోయినదాని హక్కులు వచ్చినదానికి దక్కుతాయి. పోయినదాని ధ్వనినే పట్టుకుని జరిగే పనులకు మాత్రం దక్కవు. ఇంత చిన్న సూత్రంలో ఇంత కచ్చితమైన హద్దు! చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

క్రికెట్‌లోనూ ఈ హక్కుల లెక్కే. టెస్టుల్లో బదులు వచ్చినవాడు ఫీల్డింగ్ చేయవచ్చు గాని బ్యాటు పట్టకూడదు. తలదెబ్బల విషయంలో 2019లో ఆ నిబంధన సడలింది. ఆ ఆగస్టులోనే లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు దిగిన లబుషేన్ 59 పరుగులు చేశాడు.

రసాయనశాస్త్రంలో దీని పేరు ప్రతిక్షేపణ. మీథేన్‌లో ఒక కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్ పరమాణువులుంటాయి. వెలుతురు తగిలితే క్లోరిన్ వాటిని ఒక్కొక్కటిగా తప్పించి ఆ చోట్లలో చేరుతుంది. నాలుగూ మారితే కార్బన్ టెట్రాక్లోరైడ్. మీథేన్ భగ్గున మండే వాయువు. ఇదేమో ఒకప్పుడు మంటలార్పే సాధనాల్లో నింపిన ద్రవం. నడుమనున్న కార్బన్ మాత్రం అదే.

ఇక మందుల సంగతి. కోఠిలో దుకాణదారు "ఆ కంపెనీది లేదమ్మా, ఇదీ అదే మందు" అంటే, పట్టీ తిప్పి మందు పేరు, మిల్లీగ్రాములు చదవండి. చాలా మందులకు ఆ రెండూ కలిస్తే దిగులు లేదు. థైరాయిడ్, మూర్ఛ మందులకు మాత్రం కంపెనీ మార్చేముందు దయచేసి డాక్టరును అడగండి. మోతాదులో కొద్ది తేడా వచ్చినా ఒంటికి తెలిసే మందులవి. అత్తయ్య థైరాయిడ్ మాత్రల కోసం అలాగే అడిగాం. పాతవే వాడమన్నారు. ఆ సాయంత్రం మూడో దుకాణంలో దొరికాయి.