ఆ మెయిల్ చూపిన దారిన బ్యాంకుకి వెళ్ళొద్దు

శ్రోతలందరికీ నమస్కారం.

"ప్రియమైన ఖాతాదారు, మీ క్రెడిట్ కార్డులోని 9,850 రూపాయల విలువైన రివార్డ్ పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయి. వెంటనే కింది లింకు నొక్కి నగదుగా మార్చుకోండి." ఇలాంటి మెయిల్ ఈ మధ్య మీకో, మీ ఇంట్లో ఎవరికో వచ్చే ఉంటుంది. అది రాకపోతే ఇది వచ్చి ఉంటుంది: "మీ కార్డు మీద 48,999 రూపాయల కొనుగోలు జరిగింది. అది మీరు చేసింది కాకపోతే ఆపడానికి ఇక్కడ నొక్కండి."

మొదటిది ఆశ పెడుతుంది, రెండోది భయపెడుతుంది. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. ఆశకు లొంగనివాళ్ళు, పైసా పైసాకీ లెక్క చూసుకునేవాళ్ళు కూడా తమ డబ్బు పోతోందంటే నిలవలేరు. కాపాడుకోవాలన్న ఆ ఆత్రమే వేలిని లింకు మీదికి తీసుకెళ్తుంది. అందుకే ఈ మోసంలో చిక్కుకున్నవాళ్ళని తెలివితక్కువవాళ్ళని అనకండి. చదువుకున్నవాళ్ళు, రోజంతా కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ళు కూడా చిక్కుకుంటున్నారు.

నకిలీ మెయిల్‌ని ఎలా పోల్చుకోవాలంటే, ఒకప్పుడు చెప్పడం సులువుగా ఉండేది. ఇంగ్లీషు తప్పులతడకగా ఉంటుంది, లోగో మసకగా ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది అనేవాళ్ళం. ఇప్పుడు ఆ ఆనవాళ్ళని నమ్ముకోకండి. అసలు మెయిల్‌ని ఉన్నదున్నట్టు దింపి, లింకు ఒక్కటి మార్చి పంపుతున్నారు. భాషలో తప్పు వెతికినా దొరకదు. తెలుగులో కూడా శుభ్రంగా రాసి పంపుతున్నారు. కాబట్టి మెయిల్ ఎలా కనబడుతోందన్నది పక్కన పెట్టి, అది మిమ్మల్ని ఏం చేయమంటోందో చూడండి. కార్డు మీది 16 అంకెలు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ, ఫోనుకొచ్చే ఓటీపీ, వీటిలో ఏ ఒక్కటి అడిగినా అది మీ బ్యాంకు రాసిన మెయిల్ కాదు. ఆ కార్డు అచ్చువేసి పంపినవాళ్ళకి దాని నంబరు మీరు చెప్పాల్సిన పనేముంది?

"నా పేరు రాశారండీ, కార్డు నంబరులో మొదటి అంకెలు కూడా సరిగ్గా ఉన్నాయి, అందుకే నమ్మాను" అని చాలామంది అంటారు. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కార్డు నంబరులో మొదటి ఆరు అంకెలు మీ ఒక్కరివీ కావు. అవి ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అన్నది చెప్పే అంకెలు. అదే బ్యాంకులో అదే రకం కార్డు తీసుకున్న వేలమందికి అవే ఉంటాయి. 4తో మొదలైతే వీసా, 5తో మొదలైతే చాలామటుకు మాస్టర్‌కార్డ్. వాటిని రాసి పంపడానికి మీ గురించి ఏమీ తెలియనక్కర్లేదు. చివరి నాలుగంకెలు మీవే, నిజమే. కానీ దుకాణంలో ఇచ్చే ప్రతి చీటీ మీదా అవి అచ్చవుతాయి. ఇక మన పేరు, ఫోను నంబరు, మెయిల్ చిరునామా ఎన్ని చోట్ల ఇచ్చామో మనకే గుర్తుండదు. కొంత నిజం రాసినంత మాత్రాన మెయిల్ నిజమైపోదు.

తరవాత చూడాల్సింది చిరునామా. ఫోనులో మెయిల్ తెరిస్తే పైన పంపినవాళ్ళ పేరు మాత్రమే కనిపిస్తుంది. అక్కడ ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఆ పేరు మీద నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. లింకు విషయంలో ఇంకో కిటుకు ఉంది. ఉదాహరణకి "మీబ్యాంకు డాట్ కామ్ డాట్ రివార్డ్స్ హైఫన్ క్లెయిమ్ డాట్ షాప్" అనే చిరునామా ఉందనుకోండి. మొదట్లో మీ బ్యాంకు పేరు కనబడగానే మనసు కుదుటపడుతుంది. కానీ వెబ్ చిరునామాలో సొంతదారు ఎవరన్నది మొదట్లో తెలియదు, చివర్లో తెలుస్తుంది. మొదట వచ్చే జంట గీతలు వదిలేసి, ఆ తరవాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర, అది లేకపోతే చిరునామా చివర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. ఈ చిరునామా "రివార్డ్స్ హైఫన్ క్లెయిమ్ డాట్ షాప్" అనే వాళ్ళది. ముందున్న బ్యాంకు పేరు వాళ్ళు అతికించుకున్నదే. పక్కన తాళం బొమ్మ ఉంది కదా అని కూడా ధైర్యపడకండి. మీరు టైప్ చేసింది దారిలో ఇంకొకరు చదవలేరన్న ఒక్క హామీ మాత్రమే ఆ తాళం ఇస్తుంది. చేరే చోట దొంగే కూర్చుని ఉంటే ఆ తాళం ఏం చేస్తుంది?

ఈ విషయంలో ఈమధ్య ఒక మంచి పని జరిగింది. 2025 అక్టోబరు 31 లోపు బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే చిరునామాకి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలు కేటాయించే బాధ్యత మన హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గరున్న, బ్యాంకుల సాంకేతిక వ్యవహారాలు చూసే ఐడీఆర్‌బీటీ సంస్థది. ఈ సంస్థను 1996లో రిజర్వు బ్యాంకే నెలకొల్పింది. బ్యాంకులకు తప్ప ఆ చిరునామా ఇంకెవరికీ ఇవ్వరు. అయితే ఇది చుక్కలతో సహా చూసుకోవాలి. "బ్యాంక్ హైఫన్ ఇన్ డాట్ కామ్" అని ఉంటే అది వేరు. కొద్దిపాటి డబ్బు పెడితే ఎవరైనా కొనుక్కోగలిగిన రకం చిరునామా అది.

ఇంత చెప్పినా, చిన్న ఫోను తెర మీద, కళ్ళజోడు చేతిలో లేనప్పుడు, ఈ చుక్కలూ గీతలూ పట్టుకుని తేల్చడం అందరివల్లా కాదని నాకు తెలుసు. తేల్చనక్కర్లేదు కూడా. మెయిల్ నిజమో అబద్ధమో మీకు అనవసరం. దాన్ని అక్కడే వదిలేసి, బ్యాంకు యాప్ మీ అంతట మీరు తెరవండి. లేదా కార్డు వెనక అచ్చువేసిన నంబరుకి ఫోను చేయండి. పాయింట్లు నిజంగా ఉంటే అక్కడా కనిపిస్తాయి. 48,999 రూపాయల కొనుగోలు నిజంగా జరిగి ఉంటే అదీ అక్కడ కనిపిస్తుంది. బ్యాంకుకి మీ దారిన మీరు వెళ్ళండి, ఆ మెయిల్ చూపిన దారిన మాత్రం వెళ్ళకండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకడమూ వద్దు. అక్కడ కూడా నకిలీ నంబర్లు పెట్టి కాచుకుని ఉన్నారు.

లింకు నొక్కిన తరవాత అవతల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. మీ బ్యాంకు పేజీలాగే ఉన్న పేజీ తెరుచుకుంటుంది. మీరు కార్డు వివరాలు నింపుతారు. అదే నిమిషంలో అవతలివాడు ఆ వివరాలతో ఏదో నిజమైన దుకాణం వెబ్‌సైట్లో గిఫ్ట్ వోచర్లు కొనడం మొదలుపెడతాడు. అందుకని మీ ఫోనుకి మీ బ్యాంకు నుంచే అసలైన ఓటీపీ వస్తుంది. పాయింట్ల కోసమే వచ్చిందనుకుని నకిలీ పేజీలో కొడతారు. అంతే, కొనుగోలు పూర్తవుతుంది. ఒక్క విషయం గమనించారా? ఆ ఓటీపీ సందేశంలోనే ఎంత మొత్తం, ఏ దుకాణానికి అన్నది రాసి ఉంటుంది. మనం అంకెలు మాత్రం చూసి మిగతాది చదవం. దయచేసి చదవండి. మీకు డబ్బు రావాల్సిన చోట "ఇంత చెల్లింపుకు ఓటీపీ" అని కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఒక్కోసారి ఆ ఓటీపీ మీ కార్డును వాళ్ళ ఫోనులోని పేమెంట్ యాప్‌కి జతచేయడానికి వస్తుంది. అది ఇచ్చేస్తే మళ్ళీ మళ్ళీ మిమ్మల్ని అడగకుండానే వాడుకోగలరు.

"ఓటీపీ ఇవ్వలేదు కదా, నంబరూ సీవీవీ మాత్రమే ఇచ్చాను" అని ఊరుకునేవాళ్ళూ ఉన్నారు. మన దేశంలోని వెబ్‌సైట్లలో కార్డు చెల్లింపుకు రెండో ధ్రువీకరణ ఉండాలన్నది 2009 ఆగస్టు నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. విదేశీ వెబ్‌సైట్లు చాలావాటిలో ఆ అడ్డు లేదు. నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే అక్కడ పని జరిగిపోతుంది. అందుకే విదేశీ లావాదేవీలు అవసరం లేనివాళ్ళు బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్ ఆపేసి ఉంచండి. ఆన్‌లైన్ వాడకానికి పరిమితి కూడా మీరే పెట్టుకోవచ్చు. ఈ సదుపాయం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే చెప్పింది. చాలామంది కార్డుల్లో అది ఉన్న సంగతే వాళ్ళకి తెలియదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కొనుగోలుకు ఓటీపీ అడిగే అలవాటు తక్కువ. కానీ అక్కడ క్రెడిట్ కార్డును ఎవరైనా అనుమతి లేకుండా వాడితే కార్డుదారు భరించాల్సింది చట్టప్రకారం 50 డాలర్లకు మించదు. మన దగ్గర లెక్క వేరు. దాన్ని ప్రతి ఇంట్లోనూ తెలుసుకోవాలి.

2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా ఇంకెక్కడో జరిగి మీ కార్డు మీద డబ్బు పోతే, బ్యాంకు నుంచి సందేశం వచ్చాక మూడు పనిదినాల్లో చెబితే మీ బాధ్యత సున్నా. సందేశం వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, 5 లక్షల దాకా లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు 10,000 రూపాయల వరకు, అంతకుమించిన లిమిట్ ఉంటే 25,000 వరకు మీరు భరించాల్సి రావచ్చు. మరి ఓటీపీ మన చేత్తో మనమే ఇచ్చేస్తే? అప్పుడు బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మన నష్టమే. చెప్పిన తరవాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాలి. ఈ "చెప్పేదాకా" అన్న మాట మీద మీ దృష్టి నిలపాలని నా కోరిక.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరమ్మగారు శుక్రవారం సాయంత్రం ఇలాగే పాయింట్ల మెయిల్ నమ్మి ఓటీపీ ఇచ్చారు. పది నిమిషాల్లోనే మోసమని ఆవిడకి తెలిసింది. కానీ కొడుకు కోప్పడతాడేమోనని ఎవరికీ చెప్పలేదు. శని, ఆదివారాల్లో ఆ కార్డు మీద ఇంకా కొనుగోళ్ళు జరుగుతూనే ఉన్నాయి. సోమవారం ఉదయం బ్యాంకుకి వెళ్ళారు. ఆవిడ నష్టంలో ఎక్కువ భాగం ఆ రెండు రోజుల మౌనంలో పోయిందే. "సెలవుల్లో బ్యాంకు ఉండదనుకున్నాను బాబూ" అన్నారు. కార్డు బ్లాక్ చేసే నంబరు పండగనాడు అర్ధరాత్రి కూడా పనిచేస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడని అంతగా భయపెట్టిన మన ఇళ్ళ పద్ధతి మీద బాధ కలిగింది. పిల్లలూ, మీ అమ్మానాన్నలు ఇలాంటిదేదైనా చెబితే మొదటి మాటగా "అసలు ఎందుకు నొక్కావు?" అనకండి. "కార్డు ఎక్కడుంది, ముందు బ్లాక్ చేద్దాం" అనండి.

మోసం జరిగిందని తెలియగానే మొదటి ఫోను బ్యాంకుకే. కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరూ, ఆ సమయమూ రాసి పెట్టుకోండి. ఎప్పుడు చెప్పారన్నది రేపు అదే తేలుస్తుంది. వెంటనే రెండో ఫోను 1930కి. దేశమంతటికీ ఆర్థిక సైబర్ మోసాల కోసం పెట్టిన నంబరు ఇది. ఆంధ్రలో ఉన్నా తెలంగాణలో ఉన్నా ఇదే. డబ్బు ఏ వాలెట్లోకి, ఏ ఖాతాలోకి వెళ్ళిందో గాలించి, ఇంకా ఖర్చు కాకముందే నిలిపేసే ప్రయత్నం చేస్తారు. తొలి గంటలో చేసిన ఫోనుకీ మర్నాడు చేసిన ఫోనుకీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. ఫిర్యాదును సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్లోనూ నమోదు చేయండి. మెయిల్‌నీ, వచ్చిన సందేశాలనూ చెరిపేయకండి, అవే సాక్ష్యం. మెయిల్ తెరిచి చూసి, ఏమీ నొక్కకుండా, ఏమీ నింపకుండా మూసేస్తే మాత్రం మామూలుగా భయపడాల్సింది లేదు.

బిల్లు వచ్చినప్పుడు కోపంతో మొత్తం కట్టకుండా వదిలేయకండి. మీరు నిజంగా వాడుకున్నది కట్టండి. మోసమని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద, వివాదం తేలేదాకా బ్యాంకు చార్జీలు వేయకూడదన్నది నిబంధన. ఖాతాదారుదే తప్పు అని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి, రాసుకోవచ్చు. దానికి రుసుం లేదు. వివరాలకు 14448 నంబరుంది.

ఇంకొక్క సంగతి. డబ్బు పోయిన కొన్నాళ్ళకి "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోనులు వస్తాయి. సైబర్ పోలీసులమనీ, లాయర్లమనీ చెబుతారు. ఒకసారి మోసపోయినవాళ్ళ జాబితా చేతులు మారి వచ్చే ఫోనులవి. 1930 వాళ్ళు గానీ, అంబుడ్స్‌మన్ గానీ మిమ్మల్ని పైసా అడగరు.

ఈ ప్రసంగం అయిపోగానే మీ కార్డు తిప్పి, వెనకున్న బ్యాంకు ఫోను నంబరు చూసి, ఫోనులో దాచుకోండి, గోడ మీది క్యాలెండరు మీద కూడా రాయండి. పక్కనే 1930 రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళకి అందే ఎత్తులో, పెద్ద అక్షరాలతో. నమస్కారం.