మన ఎలుగుబంటిని ఎవరు తోలుకుపోయారు

(కెనడాలో వాంకూవర్ పక్కనున్న సర్రేలో తెలుగు పిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు అయ్యాక, ప్రైజులు ఇచ్చే ముందు నేను మాట్లాడింది. కొందరు రాసి పెట్టమన్నారు, గుర్తున్నంత వరకు టైప్ చేశా.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరి పేరూ చెప్తే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. పొద్దున్నుంచి ఆడి ఆడి చెమటలు కక్కిన పిల్లలకి ఇంకో దండం.

సెక్రటరీ గారు మొన్న ఫోన్ చేసి "అంకుల్, పిల్లలకి మన టొరంటో టీము రాప్టర్స్ గురించి నాలుగు ముక్కలు చెప్పండి, 2019లో కప్పు కొట్టారు కదా, ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అన్నారు. సరే బాబూ అన్నా, రాత్రి కూర్చుని రాసుకున్నా కూడా, ఇదిగో కాగితం. కానీ పొద్దున్న ఇక్కడికొచ్చి గోడకి అంటించిన టీముల లిస్టు చూశానండీ. రాప్టర్స్ ఉంది, లేకర్స్ ఉంది, వారియర్స్ ఉంది, ఎవరో ఆవకాయ బాయ్స్ అని కూడా పెట్టుకున్నారు, బావుంది. గ్రిజ్లీస్, అంటే ఎలుగుబంట్లు, ఒకప్పటి మన వాంకూవర్ టీము, ఆ పేరు మాత్రం లేదు. అక్కడే ఉన్న ఒక బాబుని "గ్రిజ్లీస్ అని ఎందుకు పెట్టుకోలేదు నాన్నా" అంటే "అది మెంఫిస్ వాళ్ళది కదా అంకుల్" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడు పుట్టేసరికే అది అమెరికాలో మెంఫిస్ అనే ఊరివాళ్ళదైపోయింది. కానీ నాకు మాత్రం గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టయింది. అందుకని కాగితం జేబులో పెట్టేస్తున్నా, సెక్రటరీ గారు క్షమించాలి.

సరే, కాగితంలో మొదటి పాయింట్ ఒక్కటి చెప్పేస్తా, రాసుకున్నందుకు. ఈ ఆట కనిపెట్టింది కెనడా మనిషి, జేమ్స్ నైస్మిత్, ఒంటారియోలో ఆల్మాంట్ ఆయనది, 1891లో అమెరికాలో మాస్టారుగా పనిచేస్తూ పీచ్ పళ్ళ బుట్టలు గోడకి కొట్టి ఆడించాడు. ఇవాళ ఎన్‌బిఎ, అంటే అమెరికా వాళ్ళ పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్, తన మొదటి మ్యాచ్ అని లెక్కపెట్టుకునేది కూడా కెనడాలోనే జరిగింది, 1946 నవంబర్ 1న టొరంటోలో, టొరంటో హస్కీస్ మీద న్యూయార్క్ వాళ్ళు 68-66తో గెలిచారు. హస్కీస్‌లో జార్జ్ నోస్ట్రాండ్ అని ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి ఉండేవాడు, ఆయన కన్నా పొడుగ్గా ఉంటే టికెట్ ఫ్రీ అని ప్రకటన వేశారట. ఆ టీము ఒక్క సీజన్ ఆడి మూతపడింది. మళ్ళీ కెనడాకి ఎన్‌బిఎ రావడానికి దగ్గర దగ్గర యాభై ఏళ్ళు పట్టింది. అయిపోయింది, ఇక మన సంగతికొద్దాం.

1995లో ఒకేసారి రెండు టీములు వచ్చాయి, అటు టొరంటోకి రాప్టర్స్, ఇటు మనకి గ్రిజ్లీస్. ఇక్కడ తెచ్చింది ఆర్థర్ గ్రిఫిత్స్, కానక్స్ హాకీ టీము ఆయన కుటుంబానిదే. ఊరికే రాలేదు, 125 మిలియన్ల అమెరికా డాలర్లు ఫీజు కట్టాలి, పైగా ముందే 12,500 సీజన్ టికెట్లు అమ్మి చూపించాలి. ముందు మౌంటీస్ అని పేరు పెడదామనుకుంటే మౌంటెడ్ పోలీసులు ఒప్పుకోలేదు, అందుకని ఎలుగుబంటి వచ్చింది. నన్నడిగితే అదే మంచిదయింది. మన కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, న్యాయంగా మన పేరు.

అప్పుడు నేను బ్రెడ్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్. ఈ దేశం వచ్చి రెండేళ్ళయింది, బాస్కెట్‌బాల్ అంటే మా కాలేజీ గ్రౌండ్‌లో వల లేని ఇనప రింగు తప్ప ఏం తెలీదు. మా సూపర్‌వైజర్ దగ్గర రెండు టికెట్లు మిగిలిపోతే నా చేతిలో పెట్టాడు. 1995 నవంబర్ 5, ఆదివారం, ఇక్కడ మొట్టమొదటి మ్యాచ్, నాకు తెలీకుండానే చరిత్రలోకి వెళ్ళి కూర్చున్నానన్నమాట. మా అమ్మాయికి ఆరేళ్ళు. మా ఆవిడ స్టీలు డబ్బాలో పులిహోర కట్టి ఇచ్చింది. బయట తిండి లోపలికి కుదరదన్నాడు గేటు దగ్గర, పారేయడానికి మనసొప్పుతుందా, వెనక్కొచ్చి స్టేడియం స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఇద్దరం చేత్తో తిన్నాం, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఆ పిల్ల వేరుశనగ పలుకులు ఏరుకుని తింటోంది, పక్కన జనం అంతా ఆ నీలం పచ్చ కలిసిన రంగు టోపీలు పెట్టుకుని పోతున్నారు.

మ్యాచ్ మినెసోటాతో. ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. ఆఖరి సెకండ్‌లో ఎవరో వేసిన బంతి రింగుకి తగిలి బయటికొస్తే క్రిస్ కింగ్ అనేవాడు గాల్లోకి లేచి దాన్ని అలా తట్టాడు, పడింది. 100-98. పడిందా లేదా అని నేను ఇంకా చూస్తుంటే పక్క సీటు పంజాబీ పెద్దాయన నన్నూ మా అమ్మాయినీ కలిపి వాటేసుకున్నాడు. ఇక్కడికొచ్చిన రెండేళ్ళలో ముక్కూ మొహం తెలీని మనిషి నన్ను వాటేసుకోవడం అదే మొదటిసారి. అంతకు రెండు రోజుల ముందు పోర్ట్‌లాండ్‌లో కూడా గెలిచారు, రెండుకి రెండు! ఇంకేముంది, కప్పు మనదే అనుకున్నా.

తర్వాత వరసగా 19 ఓడిపోయారు.

నవ్వకండి. అదే ఏడు ఇంకోసారి వరసగా 23 ఓడిపోయారు. మొత్తం 82లో 15 గెలిచారు. మరుసటేడు 14. అయినా జనం రాలేదా అంటే మొదటి ఏడు సగటున 17 వేల మంది వచ్చారండీ! ఈ మాట గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఇప్పుడు ఎవర్ని అడిగినా "వాంకూవర్ హాకీ ఊరు, బాస్కెట్‌బాల్ చూడరు, అందుకే పోయింది" అంటారు. మన తెలుగు వాళ్ళే అంటున్నారు. అబద్ధం. 15 గెలిచి 67 ఓడే టీముని 17 వేల మంది చూడ్డానికి వస్తే ఆ ఊరిని ఏమనాలి మీరే చెప్పండి.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్తా. డ్రాఫ్ట్ అని ఒకటుంటుంది, లీగ్‌లోకి కొత్తగా వచ్చే ఆటగాళ్ళని టీములు వంతులవారీగా ఏరుకుంటాయి, ఆ వంతునే పిక్ అంటారు. మన ఐపీఎల్ వేలానికి తిరగేసినట్టు ఉంటుంది, అక్కడ డబ్బున్నోడు కొనుక్కుంటాడు, ఇక్కడ అడుగున ఉన్నవాళ్ళకి ముందు ఏరుకునే ఛాన్స్ దొరికేలా లాటరీ తీస్తారు. బాగానే ఉంది కదా. కానీ కొత్త టీములకి మొదటి కొన్నేళ్ళు నంబర్ వన్ పిక్ ఇవ్వకూడదని రూలు పెట్టారు. 1996లో లాటరీ టొరంటోకి తగిలితే తీసి ఫిలడెల్ఫియాకి ఇచ్చారు, వాళ్ళు ఐవర్సన్ అనే స్టార్ ఆటగాణ్ణి పట్టుకుపోయారు. 1997లో టిమ్ డంకన్ అనే గొప్ప ఆటగాడు వస్తున్న ఏడు లీగ్ మొత్తంలో అందరికన్నా అడుగున ఉన్నది మనమే, కానీ మొదటి పిక్ మనకి రావడానికి వీల్లేదు, రూలు. డంకన్ శాన్ ఆంటోనియో వెళ్ళి అయిదు కప్పులు కొట్టాడు. విస్తరి వేసి, కూర్చోబెట్టి, అందరూ తిన్నాక నీకు అంటే ఎలా?

మన తప్పులు లేవా, ఉన్నాయి. 1996 డ్రాఫ్ట్‌లో స్టీవ్ నాష్ ఉన్నాడు, ఎక్కడివాడు, ఇదిగో ఫెర్రీ ఎక్కితే విక్టోరియా, అక్కడ పెరిగినవాడు. మూడో పిక్ మనది. షరీఫ్ అబ్దుర్ రహీమ్‌ని తీసుకున్నారు, బంగారం లాంటి ఆటగాడు, ఆయన్నేమీ అనను. నాష్ 15వ పిక్ దాకా ఉన్నాడు, ఫీనిక్స్ తీసుకుంది, తర్వాత రెండుసార్లు ఎమ్‌విపి, అంటే ఆ ఏడు లీగ్‌లో అందరికన్నా మేటి ఆటగాడు, అయ్యాడు. ఆ రోజు అతన్ని తీసుకోవాల్సిందని అప్పుడు ఎవరూ అనలేదు, నేనూ అనలేదు, ఇప్పుడంటే అందరం అంటాం.

బిగ్ కంట్రీ గురించి చెప్పకపోతే మా అమ్మాయి ఊరుకోదు. అది ముద్దుపేరు, అసలు పేరు బ్రయంట్ రీవ్స్, 50 నంబరు, మనం తీసుకున్న మొట్టమొదటి డ్రాఫ్ట్ ప్లేయర్, ఓక్లహోమాలో గాన్స్ అని చిన్న పల్లె, ఏడడుగుల మనిషి, పొలం నుంచి నేరుగా వచ్చినట్టు ఉండేవాడు. మొదట్లో బాగా ఆడాడు, ఆరేళ్ళకి 60 మిలియన్ల పైన కాంట్రాక్ట్ ఇచ్చారు, ఆ తర్వాత ఒళ్ళు పెరిగింది, నడుం పట్టేసింది. జనం ఎగతాళి చేశారు. మా పిల్ల మాత్రం అతని టీషర్టే వేసుకునేది, వాళ్ళ అమ్మ ఉతుకుతానన్నా ఇచ్చేది కాదు.

ఇక 1999. స్టీవ్ ఫ్రాన్సిస్. రెండో పిక్ మనది, అతని పేరు పిలిచారు. టీవీలో చూశా నేను. ఆ మొహం చూడాలి మీరు. కన్నవాళ్ళు బలవంతంగా పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు! కెనడా రానన్నాడు, దూరమన్నాడు, ఇంకేదో అన్నాడు. ఆ ఆగస్టులో హ్యూస్టన్‌కి పంపించేశారు. మేమందరం ఇక్కడ ఏంటి మరి? పదివేల మైళ్ళు దాటొచ్చి నైట్ షిఫ్టులు చేస్తున్నాం, మాకు దూరం కాలేదు, మిలియన్లిస్తామంటే ఆయనకి దూరమైంది. సారీ, ఇన్నేళ్ళయినా బీపీ పెరుగుతుంది నాకు. మంచినీళ్ళు ఇవ్వండమ్మా.

టొరంటో కూడా అప్పటిదాకా మనలాగే ఓడింది, 1997-98లో 16 గెలిచి 66 ఓడింది. 1998లో వాళ్ళకి విన్స్ కార్టర్ అని స్టార్ ఆటగాడు దొరికాడు. వాళ్ళకి కార్టర్ దొరికాడు, మనకి ఫ్రాన్సిస్ దొరికాడు. తేడా అంతే.

దీనికి తోడు డాలరు. టికెట్ డబ్బులు కెనడా డాలర్లలో వస్తాయి, జీతాలు అమెరికా డాలర్లలో కట్టాలి, మన డాలరేమో 65 సెంట్ల దగ్గర పడి ఉంది. ఇండియాకి డబ్బులు పంపేవాళ్ళకి ఎక్స్‌చేంజ్ రేటు బాధ నేను చెప్పక్కర్లేదు. గ్రిఫిత్స్ చేతిలోంచి జాన్ మెక్‌కా చేతికి వెళ్ళింది, ఆయన అమ్మకానికి పెట్టాడు, ఒకాయన కొని సెయింట్ లూయిస్ తీసుకుపోతానంటే లీగ్ ఒప్పుకోలేదు. 2000లో మైకేల్ హైస్లీ 160 మిలియన్లకి కొన్నాడు, ఇక్కడే ఉంచుతానన్నాడు. ఏడాది తిరిగేసరికి ఊళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు. 2001లో మెంఫిస్. చివరి హోమ్ మ్యాచ్ ఏప్రిల్ 14న, ఎవరితో అనుకున్నారు, హ్యూస్టన్‌తో. ఫ్రాన్సిస్ టీముతో!

మెంఫిస్ ఉన్నది టెనెసీలో, అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంటి జూలో తప్ప దొరకదు. అయినా పేరు మార్చలేదు. 2019-20లో పాతికేళ్ళ పండగని మన పాత రంగు జెర్సీలు వేసుకుని ఆడారు, మా ఇంట్లో దొంగిలించిన చీర కట్టుకుని మా వీధిలోనే తిరిగినట్టు. 50 నంబరుని రిటైర్ కూడా చేశారు, 2021లో, కానీ బిగ్ కంట్రీ కోసం కాదు, జాక్ రాండాల్ఫ్ కోసం. రీవ్స్ ఆడిన లీగ్ మ్యాచ్‌లన్నీ వాంకూవర్ టీముకే, మెంఫిస్ వెళ్ళాక నడుం నొప్పితో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు, రిటైరై ఊరికెళ్ళి ఆవుల్ని పెంచుకుంటున్నాడు.

మా ఆవిడ చెయ్యి చూపిస్తోంది, టైమైందని. ఒక్క నిమిషం.

ఇంతసేపూ రూలుని తిట్టా, ఫ్రాన్సిస్‌ని తిట్టా, ఓనర్లని తిట్టా. టొరంటోలో నవ్ భాటియా అని సర్దార్జీ ఉన్నాడు, 1984లో మన దేశం నుంచి వచ్చినాయన, టీము పుట్టిన ఏడు నుంచీ అది చిత్తుగా ఓడే రోజుల్లో కూడా వచ్చి కూర్చుని టవలు ఊపాడు, 2019లో ఆయనకి కూడా ఛాంపియన్ల ఉంగరం ఇచ్చారు. నేనేం చేశా? 1998లో ఓనర్లూ ప్లేయర్లూ డబ్బుల దగ్గర కొట్టుకుని లాకౌట్ అయ్యింది, 50 మ్యాచ్‌లే ఆడించారు, మనవాళ్ళు 8 గెలిచారు. విసుగొచ్చి మానేశా. ఆఖరి ఏడు సగటు 13 వేల చిల్లరకి పడిపోయింది, ఆ తగ్గినవాళ్ళలో నేనున్నా. చివరి మ్యాచ్‌కి వెళ్దాం నాన్నా అని పిల్ల అడిగింది, శనివారం, ఓవర్‌టైమ్ డ్యూటీ దొరికింది, వెళ్ళలేదు. ఆ రోజు ఎన్ని డాలర్లు వచ్చాయో కూడా గుర్తులేదు నాకు.

2019 జూన్ 13 రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. ఆ పిల్ల ఇప్పుడు టొరంటోలో ఉంటుంది, అక్కడ అర్ధరాత్రి, వీధిలో హారన్లు, అరుపులు, ఏం వినపడట్లేదు. "నాన్నా గెలిచాం" అంటోంది. గెలిచాం అంట! ఏడుస్తోంది, నేనూ ఏడ్చా. తర్వాత కొంచెం గోల తగ్గాక "నా బిగ్ కంట్రీ టీషర్ట్ ఉందా, జాగ్రత్తగా పెట్టారా" అని అడిగింది. ఉందమ్మా, అటక మీద ఉంది అని చెప్పా.

అటక మీద లేదండీ. 2003లోనో ఎప్పుడో మా ఆవిడ దాన్ని రెండు ముక్కలు చేసి మసిగుడ్డలు చేసింది, మంచి కాటన్ అని. అదిగో అక్కడే కూర్చుంది, అడగండి కావాలంటే. ఈ మాట ఇవాళే మొదటిసారి బయట చెప్తున్నా, దయచేసి ఎవరూ వీడియో మా అమ్మాయికి పంపకండి.

సరే, ప్రైజులు. ఆవకాయ బాయ్స్ ఎక్కడున్నారు, రండి నాన్నా.